లేని మనిషిని పక్కన నిలబెట్టడం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో డి.ఎ. బకాయిల గురించో, మెడికల్ రీయింబర్సుమెంటు గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీ ఫొటోల సంగతి చెప్పండి, ఇరవై నిమిషాలు" అన్నారు. ముప్పై ఆరేళ్ళు నోట్ ఫైలు రాసినవాణ్ణి, ఇరవై నిమిషాల్లో ముగించడం నాకు చేతకాని పని. అయినా ప్రయత్నిస్తాను. నేను చెప్పబోయేది ఒక్క ఫొటో గురించి. అది ఎవరి కోసం చేశానో ఆవిడ ఈ హాల్లోనే ఉన్నారు. సంగతి చెప్పుకోవచ్చు గాని పేరు మాత్రం వద్దన్నారు.

నేనూ ఆవిడ భర్తా ఒకే ఆఫీసులో, ఒకే సెక్షనులో, ఎదురెదురు బల్లల దగ్గర పని చేశాం. ఆయన 1986లో, ముప్పై ఎనిమిదో ఏట, గుండెపోటుతో పోయాడు. ఆవిడకు కారుణ్య నియామకంలో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. కూతుర్ని చదివించి, పెళ్లి చేసి, 2010లో రిటైరయ్యారు. నేను ఆవిడను చెల్లెమ్మా అంటాను, ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటారు. 2024లో, దీపావళి వెళ్ళాక ఒకరోజు మా ఇంటికి వచ్చి, "మేమిద్దరం కలిసి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. మీరేమైనా చెయ్యగలరా?" అని అడిగారు.

ఒక్కటీ లేకపోవడమేమిటని మీకు అనిపించవచ్చు. పెళ్లి ఫొటోలు దివిసీమలో వాళ్ళ పుట్టింట్లో ఉండేవి. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. మనుషులు దక్కినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్న ఇంట్లో ఆల్బం గురించి ఎవరు అడుగుతారు? ఆ తర్వాత స్టూడియోకి వెళదామని చాలాసార్లు అనుకున్నారట. ఒకసారి పిల్లకు జ్వరం, ఒకసారి ఆయనకు క్యాంపు, ఒకసారి నెలాఖరు. అంతే, అలా తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి.

ఆయనవి మిగిలిన ఫొటోలు రెండే. ఒకటి ఐడెంటిటీ కార్డు కోసం తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫొటో. రెండోది 1981లో మా ఆఫీసరుగారి బదిలీ వీడ్కోలు నాడు ఆఫీసు పోర్టికోలో తీసిన గ్రూపు ఫొటో. అందులో ఆయన రెండో వరుసలో నిలబడి ఉన్నాడు. ఆయన ఎడమ భుజం మీద ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి నాది.

ఈ విద్య నాకు ఎలా అబ్బిందో రెండు మాటల్లో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సాయంత్రాలు మా వీధి చివర ఫొటో స్టూడియోలో కూర్చునేవాణ్ణి. ఆ స్టూడియో ఆయనకు లెక్కలు రాసిపెట్టేవాణ్ణి, ఆయన నన్ను డార్క్ రూంలోకి రానిచ్చేవాడు. చనిపోయినవారిని బతికున్నవారి పక్కన చేర్చే పని అప్పట్లోనే ఉండేది. ఇద్దరి ఫొటోలూ ఒక కొలతకు ప్రింటు వేసేవాడు. ఒకరి బొమ్మను బ్లేడుతో అంచు వెంబడి కోసి, వెనకవైపు నుంచి సన్న గరుకు కాగితంతో అంచు పల్చబడేదాకా రుద్దేవాడు. దాన్ని రెండో ప్రింటు మీద అంటించి, అతుకు కనపడే చోట సన్నని బ్రష్షుతో రంగు అద్ది, ఆ మొత్తాన్ని మళ్ళీ కెమెరాతో ఫొటో తీసేవాడు. ఆ చివరి పనిలోనే కిటుకంతా ఉంది. రెండు వేర్వేరు కాగితాలు మళ్ళీ ఒకే ఫిలిం మీద పడేసరికి ఇద్దరికీ ఒకే నలుపు, ఒకే తెలుపు, ఒకే రేణువు వస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇదేదో మన వీధి స్టూడియోవాళ్ళు కనిపెట్టిన మాయ అనుకోకండి. ఇంగ్లండులో రేలాండర్ అనే ఆయన 1857లో ముప్పైకి పైగా నెగెటివులు కలిపి ఒక పెద్ద బొమ్మ తయారుచేశాడు. విక్టోరియా మహారాణి కూడా దాని ప్రతి కొన్నది. మరుసటి సంవత్సరం రాబిన్సన్ అనే ఆయన అయిదు నెగెటివులు కలిపి, మరణశయ్య మీద ఉన్న ఒక అమ్మాయినీ, చుట్టూ ఉన్న కుటుంబాన్నీ చూపించాడు. ఆ పిల్ల నిక్షేపంగా ఉన్న మనిషే. అయినా జనం నొచ్చుకున్నారు, ఇంత బాధాకరమైనదాన్ని ఫొటో తీయవచ్చా అని. అంత బాగా నమ్మారన్నమాట. అమెరికాలో అబ్రహాం లింకన్ నిలబడి ఉన్న ఒక బొమ్మ చాలాకాలం గోడల మీద వేలాడింది. అందులో తల ఒక్కటే లింకన్‌ది, మిగతా శరీరం కాల్హౌన్ అనే వేరే నాయకుడిది. మన దేశంలో రాజస్థాన్ నాథద్వారంలో చిత్రకారులు శ్రీనాథుడి సన్నిధిలో భక్తులను రంగులతో వేసి, ముఖం దగ్గర మాత్రం వారి అసలు ఫొటో కత్తిరించి అంటించేవారు.

ఇక మన తెలుగువాళ్ళందరం చూసింది 1961లో వచ్చిన 'సీతారామ కళ్యాణం'. రామారావు గారు పది తలల రావణుడిగా కనిపిస్తే హాల్లో ఈలలు వేశాం. కెమెరా రవికాంత్ నగాయిచ్. ఒకే ఫిలింను వెనక్కి తిప్పి తిప్పి, ఒక్కో తలకు కావలసినంత చోటు మాత్రం తెరిచి, మిగతాది మూసి తీసిన పని అది. పది తలల మనిషి ఉండడని తెలిసినా మనం నమ్మడానికి కారణం, పది తలల మీదా వెలుగు ఒక్కలాగే పడటం.

సరే, మన పని దగ్గరికి వద్దాం. నేను రిటైరయ్యాక కంప్యూటరు నేర్చుకున్నాను. ఫొటోషాప్ అనేది 1990లో వచ్చింది. అలాంటిదే గింప్ అని ఉచితంగా దొరికేది ఇంకొకటి ఉంది, నేను వాడేది అదే, పెన్షనరుకు అది చాలు. అందులో ముఖ్యమైన సదుపాయం లేయరు. గ్రామ పటం మీద ట్రేసింగ్ పేపరు పరిచి, దాని మీద గీసేవాళ్ళం గుర్తుందా? పటం చెడదు, పైకాగితం మార్చుకోవచ్చు. లేయరంటే అదే. మాస్కు అంటే ఆ పైకాగితంలో ఎంతమేర కనపడాలో, ఎంతమేర కప్పేయాలో నిర్ణయించేది. కొట్టివేత కాదు, ఎప్పుడైనా తీసేయగలిగిన కప్పు.

మొదటిసారి నేను చేసిన పని ఇది. పాస్‌పోర్టు ఫొటోలో ముఖం పెద్దదిగా ఉందని ముందు దాన్నే ప్రయత్నించి, వదిలేశాను. ముఖం మీద ఎదురుగా ఫ్లాషు పడి, ముక్కుకు నీడే లేదు, పోలీసు రికార్డులా ఉంది. గ్రూపు ఫొటోలో ముఖం చిటికెన వేలి గోరంత, సుమారు ఒక సెంటీమీటరు. కానీ పోర్టికోలోకి ఒకవైపు నుంచి వెలుగు వచ్చి, మనిషి గుండ్రంగా, బతికున్నట్టు ఉన్నాడు. పైగా ఫొటో తీసే క్షణానికి ముందు నేను ఏదో అన్నాను, ఆ నవ్వు ఇంకా పెదవి చివర ఉంది. దాన్ని స్కాన్ చేశాను. చెల్లెమ్మ ఇంటికి వెళ్ళి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఫోనుతో ఒక ఫొటో తీశాను. ఆయన్ని కత్తిరించి వెనక నిలబెట్టాను. నా చెయ్యి తీసేస్తే ఆ భుజం ఉండదు కదా, అందుకని ఆయన కుడి భుజాన్నే తిరగేసి ఎడమవైపు పెట్టాను. కడుపు దగ్గర ముందు వరుసలో కూర్చున్న సూపరింటెండెంటు గారి బట్టతల అడ్డం వచ్చింది. దాన్ని చెల్లెమ్మ కుర్చీ వెనక దాచేశాను. ఇరవై రోజులు పట్టింది. నాకు ఎంతో బాగున్నట్టు అనిపించింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాగుంది" అన్నారు. మనం ఆఫీసరు రాసిన డ్రాఫ్టును బాగుంది సార్ అంటామే, అలా. కాసేపయ్యాక నెమ్మదిగా, "ఈయన నా వెనక లేరన్నయ్యగారూ. గోడ మీద ఉన్నారు" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు నాలుగు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. అయిదోరోజు ఆ ప్రింటును తలకిందులుగా పెట్టి చూశాను. స్టూడియో ఆయన నేర్పిన పద్ధతే. నిలువుగా చూస్తే మన ధ్యాసంతా ముఖం మీదే ఉంటుంది, మనవాడే అని మనసు ఒప్పేసుకుంటుంది. తలకిందులు చేస్తే ముఖం పోయి, వెలుగూ నీడా మాత్రమే కనపడతాయి. అప్పుడు నా తప్పులన్నీ ఆడిట్ అభ్యంతరాల్లా వరసగా బయటపడ్డాయి.

అన్నిటికన్న పెద్ద తప్పు భుజం. పోర్టికోలో వెలుగు మనకు ఎడమవైపు నుంచి వచ్చింది. ఆయన కుడి భుజం వెలుగులో ఉంది, నేను దాన్ని తిరగేసి నీడ ఉండవలసిన వైపు పెట్టాను. దాంతో ఒకే మనిషికి రెండు వైపుల నుంచీ ఇద్దరు సూర్యులు ఉదయించారు. అద్దంలో బొమ్మను తిప్పినంత తేలికగా వెలుగును తిప్పలేం. ఆవిడ ఫొటోలోనేమో వెలుగు ఎదుటి కిటికీ నుంచి పడింది. ముక్కు నీడ ఆయనకు ఒకలా, ఆవిడకు ఒకలా.

రెండోది దూరం. ఫోనుతో రెండడుగుల నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. గ్రూపు ఫొటో అతను పదిహేను అడుగుల అవతల నుంచి తీశాడు. ఒకరిని దగ్గర నుంచీ ఇంకొకరిని దూరం నుంచీ చూస్తున్న కన్ను ఒకటే కాలేదు. ఎత్తు కూడా అంతే. గ్రూపులో కూర్చున్నవాళ్ళ నడినెత్తులు కాస్త కనపడుతున్నాయి, ఆయన ముఖం మాత్రం సూటిగా ఉంది. అంటే కెమెరా నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉందని లెక్క. నేనేమో మోకాళ్ళు నొప్పని స్టూలు మీద కూర్చుని తీశాను.

ఇక మూడోది, చెల్లెమ్మ చెప్పకుండానే చెప్పింది. ఆయన నీడ ఎక్కడా పడలేదు. వెనక నిలబడ్డ మనిషి గోడ మీదా, కుర్చీ మీదా, ముందున్నవాళ్ళ భుజం మీదా ఎంతో కొంత మసక వేస్తాడు. అది లేకపోతే గాలిలో తేలుతున్నట్టే.

ఈలోగా వాళ్ళమ్మాయి, అంటే నాకు మేనకోడలి వరస, ఇంకో మార్గం చూపింది. ఇప్పుడు ఫోన్లలో కృత్రిమ మేధ అని వచ్చింది కదా, అందులో తండ్రి ఫొటో వేసి, డెబ్భై అయిదేళ్ళ వయసుకు తీసుకురమ్మంది. క్షణంలో తెల్లజుట్టూ ముడతలూ పెట్టి ఒక పెద్దమనిషిని తెచ్చి ఇచ్చింది. తప్పు పట్టడానికి లేదు, వెలుగు కూడా చక్కగా కుదిరింది. చెల్లెమ్మ చూసి, "ఈ ముసలాయన ఎవరో నేనెరగను" అన్నారు. "మీ నాన్న నాకు ముప్పై మూడేళ్ళవాడే. నేను ముసలిదాన్నయ్యాను, దాస్తానా? ఆయన్ని ఎలా ఉన్నవాణ్ణి అలాగే ఉంచండి." ఆ అమ్మాయికి కొంచెం బాధ కలిగింది. అమ్మ పక్కన నాన్న కొడుకులా ఉంటాడు, చూసినవాళ్ళు ఏమనుకుంటారని ఆమె బెంగ. నేను మధ్యలో ఇరుక్కున్నాను. కానీ ఫొటో అడిగినది తల్లి. నేను ఆవిడ మాటే పట్టుకున్నాను.

ముఖం చిన్నదిగా ఉంది కదా అని దాన్ని మాత్రం ఆ యంత్రంతో స్ఫుటం చేయించి చూశాను. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. కాని ఎడమ కనుబొమలో చిన్నప్పుడు గోళీలాటలో పడ్డ గాటు మాయమైంది. ఆ గాటు సంగతి యంత్రానికి తెలియదు, అందుకే నున్నగా కనుబొమ గీసేసింది. ఎదురు బల్ల దగ్గర ఏళ్ళ తరబడి ఆ గాటును చూసినవాణ్ణి నేను. దాన్ని వదిలేసి, మసకగా ఉన్నా అసలు ముఖమే తీసుకున్నాను.

ఆ మసక ముఖం ఎంతవరకు పనికొస్తుందో లెక్క వేసుకోవాలి. అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే, సెంటీమీటరు ముఖానికి సుమారు 470 చుక్కలు వస్తాయి. ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ముఖం నాలుగు సెంటీమీటర్ల దాకా పెద్దది చేయవచ్చు. అందుకని పది, పన్నెండు అంగుళాల ప్రింటులో నడుము పైభాగం వరకే, ఇద్దరూ పట్టేట్టుగా అనుకున్నాను. మేనకోడలు గోడంత పెద్దది కావాలంది, కుదరదన్నాను.

రెండోసారి పనికి మనవడు సాయం వచ్చాడు. కూతురి కొడుకు, ఇరవై నాలుగేళ్ళవాడు, తాతంత పొడుగు. చెల్లెమ్మ ఇంటి వరండా ఎడమవైపు తెరిచి ఉంటుంది, వెనక సున్నం గోడ. అచ్చం పోర్టికో వెలుగే. పోర్టికోలో కుడివైపు నీడ ఇంకొంచెం చిక్కగా ఉండేది. అందుకని వరండాలో కుడివైపు దండెం కట్టి నల్ల కంబళి వేలాడదీశాం. కంబళి అటునుంచి తిరిగివచ్చే వెలుగును మింగేసి, ముఖానికి ఆ పక్క నీడను దించింది. చెల్లెమ్మ కుర్చీలో కూర్చున్నారు. రెండడుగుల వెనక మనవడు నిలబడ్డాడు. నేను పదిహేను అడుగుల దూరంలో స్టాండు వేసి, కంటి ఎత్తున కెమెరా పెట్టి, జూమ్‌తో దగ్గరికి లాగాను. దూరమే ముక్కుచెవుల పొందికను నిర్ణయిస్తుంది, జూమ్ దాన్ని మార్చదు. వెనక మనిషి పదిహేడు అడుగుల దూరంలో ఉన్నాడు కాబట్టి, తల ముందున్న మనిషి కన్నా ఎనిమిదో వంతు చిన్నదిగా కనపడాలి. మొదటిసారి ఈ లెక్క వదిలేసి ఇద్దరి తలలూ సమానం చేశాను, అందుకే ఆయన ముందుకు పడుతున్నట్టు ఉన్నాడు.

చొక్కా దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఈ కాలం పిల్లల కాలర్లు వేలెడంత కూడా ఉండవు. 1981 కాలర్లు గాలిపటాల తోకల్లా ఉండేవి. మా ట్రంకు పెట్టె అడుగున అప్పటి తెల్ల టెర్రికాటన్ చొక్కా ఒకటి దొరికింది, నాదే. మా ఆవిడ దాన్ని ఎన్నిసార్లు గిన్నెలవాడికి వెయ్యబోయిందో! మనవడికి అది తొడిగాం. గ్రూపు ఫొటో ప్రింటు చేతిలో పట్టుకుని, మెడ అటు, కొంచెం గడ్డం కిందకి, అని వాణ్ణి తాత నిలబడ్డట్టే నిలబెట్టాను. చెయ్యి అమ్మమ్మ భుజం మీద వెయ్యమన్నాను. ఊరికే ఆనించకుండా, కాస్త నొక్కమన్నాను. చీర మీద వేళ్ళ కింద మడత పడాలి. ఆ మడత తర్వాత కంప్యూటరులో గీస్తే రాదు.

ఇప్పుడు మార్చవలసింది తల ఒక్కటే. అతుకు ఎక్కడ పెట్టాలంటే, అప్పటికే ఒక గీత ఉన్నచోట పెట్టాలి. కాలరు అంచు ఉంది కదా, మెడా గడ్డం కింది నీడా పాత ఫొటోలోవి, కాలరు నుంచి కిందకి కొత్తవి. జుట్టు అంచును కత్తెరతో కోసినట్టు ఉంచకూడదు. నిజమైన కన్ను చూసినప్పుడు ఏ అంచూ అంత కరుకుగా ఉండదు. ఒకటి రెండు చుక్కల మేర గోడలోకి కరిగిపోనివ్వాలి. మనవడి నీడ గోడ మీదా కుర్చీ మీదా ఎలా పడిందో అలాగే వదిలేశాను.

చివరిది నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది. మంచిదాన్ని చెడగొట్టాలి. ఆవిడ ముఖం కొత్త కెమెరాలో అద్దంలా వచ్చింది, ఆయనది నలభై ఏళ్ళ నాటి కాగితం మీది మసక. ఆయన్ని ఆవిడ స్థాయికి తీసుకురాలేను, ఆవిణ్ణే ఆయన స్థాయికి తీసుకురావాలి. మొత్తం బొమ్మను నలుపుతెలుపు చేశాను. పాత ప్రింటులో అతి నల్లని చోటు కూడా బూడిద రంగుకు వెలిసింది, అతి తెల్లని చోటు కాస్త మురికి పట్టింది. ఆవిడ చీర అంచు నలుపును ఆ బూడిదకూ, మనవడి చొక్కా తెలుపును ఆ మురికికీ దించాను. తర్వాత ఆవిడ బొమ్మనూ కొత్త శరీరాన్నీ ముఖమంత మసకకు తెచ్చి, చివరగా మొత్తం మీద ఒకే సన్న రేణువు చల్లాను. స్టూడియో ఆయన అతికించిన బొమ్మను తిరిగి ఫొటో తీసేవాడన్నానే, ఇది ఆ పనే. తపాలాబిళ్ళంత చేసి చూశాను. తలకిందులుగా పెట్టి చూశాను. రెండు విధాలా నిలబడింది.

ఇక్కడ ఒక పక్క సంగతి చెప్పాలి. నేను ఈ పని చేస్తున్నానని తెలిసి, మనలాంటి ఉద్యోగే ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. రిటైరు కాబోతున్నాడు. పెన్షను కాగితాలకు భార్యాభర్తల జాయింటు ఫొటో కావాలని మీకందరికీ తెలుసు. వాళ్ళావిడ మంచం మీద ఉంది, స్టూడియోకి తీసుకురాలేడు. ఆవిడ పాత ఫొటో ఇచ్చి, "మీరు ఇద్దర్నీ కలిపేయండి, ఎవరికీ తెలియదు" అన్నాడు. నిజమే, నేను చేస్తే ఎవరికీ తెలియదు, భయపడింది కూడా అందుకే. గోడకు పెట్టుకునే ఫొటో వేరు, గెజిటెడ్ ఆఫీసరు అటెస్టు చేసే ఫొటో వేరు. ఆ ఇద్దరూ ఒకేచోట ఒకే సమయంలో ఉన్నారని అది సాక్ష్యం చెబుతుంది. చెయ్యనన్నాను. ఆయనకు కోపం వచ్చింది. మర్నాడు నేనే కెమెరా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, ఆవిణ్ణి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ఆయన్ని మంచం అంచున కూర్చోమని అసలు ఫొటోయే తీశాను. పావుగంట పని.

చెల్లెమ్మ ఫొటోకు కూడా నేను ఒక షరతు పెట్టాను. ప్రింటు వెనక ఇండియన్ ఇంకుతో ఇలా రాశాను: "ముఖం 1981 గ్రూపు ఫొటోలోది. శరీరం మనవడిది. ఆవిడ ఫొటో 2024 డిసెంబరులో తీసినది. కలిపినది ఫలానా." మేనకోడలు దాన్ని ఫోనులో బంధువులకు పంపేటప్పుడు కింద ఆ వాక్యం కూడా పెట్టమన్నాను. పెట్టింది, కాస్త విసుక్కుంటూనే. ముఖం దగ్గర తప్ప ఎక్కడా రాజీ పడని ఫొటోకు వెనక ఒక నోటు లేకపోతే, ఇంకో ముప్పై ఏళ్ళకు ఆ ఇంట్లో ఎవరికైనా లెక్క తప్పుతుంది.

సంక్రాంతికి ముందు ఫొటో ఫ్రేము కట్టించి తీసుకెళ్ళాను. ఈసారి ఆవిడ బాగుందనలేదు. కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నారు. ముఖం వైపు కాసేపు చూసి, తర్వాత వేలితో భుజం మీది చెయ్యి చూపించి, "ఇది వీడిదేనా?" అని మనవణ్ణి అడిగారు. అవునమ్మమ్మా అన్నాడు. "గోరు చూస్తే తెలుస్తోంది" అన్నారు. ఫొటో తిప్పి వెనక రాసినది చదివారు. మళ్ళీ తిప్పి గోడకు ఎక్కడ పెట్టాలో చెప్పారు.

తర్వాత ఒకరోజు పక్కింట్లో కొత్తగా అద్దెకు వచ్చిన ఒకావిడ ఆ ఫొటో చూసి, "మీ అబ్బాయాండీ?" అని అడిగిందట. "మా ఆయన" అని చెప్పి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళానని చెల్లెమ్మే నాతో చెప్పి నవ్వారు. ఇప్పుడు కూడా ఆ మూడో వరుసలో నవ్వుతున్నారు, చూడండి.

ఈ పని కోసం ఆ 1981 గ్రూపు ఫొటోను పూర్తిగా స్కాన్ చేశాను కదా, దాని పెద్ద ప్రింటు ఒకటి కార్యదర్శి గారికి ఇచ్చాను. భోజనాల హాలు దగ్గర బల్ల మీద పెట్టారు. అందులో పంతొమ్మిది మంది ఉన్నారు. పదహారు మంది పేర్లు నేను రాయగలిగాను. పై వరుసలో కుడి చివరి ఇద్దరూ, మెట్ల మీద కూర్చున్న అటెండరూ ఎవరో గుర్తు రావడం లేదు. ఆనవాలు పట్టినవారు పక్కనే ఉన్న కాగితం మీద పేరు రాయవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.